కొత్తపేట ఎండలో కొండ పాము

పాము ఒంట్లో సొంత వేడి పుట్టదు కాబట్టి ఎండ ఎంత కాస్తే దానికి అంత హాయి అని చాలామంది నమ్మకం. కోనసీమలోని కొత్తపేట లాంటి చోట పాము పెంచడానికి హీటరు కూడా అక్కర్లేదు, గాజు పెట్టె ఒక్కటి చాలు అనే ధీమా అందులోంచే పుడుతుంది. ఇది తప్పుడు ధీమా. దాని ఫలితం అనుభవించేది నోరులేని జీవి.

పాము వేడిని బయటి నుంచే తెచ్చుకుంటుంది, నిజమే. అంతమాత్రాన వేడి పెరిగిన కొద్దీ మేలు జరగదు. తిన్న ఎర అరగడానికి అది వెచ్చని చోటుకు జరుగుతుంది, ఒళ్ళు కాగితే చల్లని చోటుకు పోతుంది. దానికి చెమట పట్టదు. అందుకే చోటు మారడమే దానికున్న ప్రధాన రక్షణ. చోటు మారే వీలు లేని పెట్టె ఎంత ఖరీదైనదైనా పాములవాడి బుట్టతో సమానమే.

కోనసీమ పాములే ఇందుకు సాక్ష్యం. మే నెల మిట్టమధ్యాహ్నం జెర్రిపోతు ఎండలో పడి ఉండదు. ఎలుక బొరియలోనో, కొబ్బరి డొక్కల గుట్ట కిందో తలదాచుకుంటుంది. నాగుల చవితికి పాలు పోసే పుట్టను కట్టింది చెదపురుగులు. దాని మందపాటి మట్టి గోడల లోపల వేడి బయట మారినంతగా మారదు కాబట్టే త్రాచు అందులో చేరుతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పాములే నీడ వెతుక్కునే నేల, పరాయి కొండల నుంచి తెచ్చిన పాముకు సుఖమని ఎలా అనగలం?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం త్రాచు, జెర్రిపోతు వంటి మన పాములను ఇంట్లో పెంచనివ్వదు. అందుకే పాములు పెంచే సరదా విదేశీ జాతుల మీదకు మళ్ళుతుంది. వాటిలో ఎరుపు, నలుపు, తెలుపు పట్టీల మౌంటెన్ కింగ్‌స్నేక్ ఒకటి. దీనికి విషం లేదు, రాచనాగుతో సంబంధమూ లేదు. అరిజోనా రకం అమెరికా నైరుతి రాష్ట్రాల్లోనూ మెక్సికో ఉత్తర భాగంలోనూ, దాదాపు 900 నుంచి 2,700 మీటర్ల ఎత్తున, దేవదారు జాతి చెట్లున్న కొండల్లో, వాగుల పక్క రాళ్ళ సందుల్లో బతుకుతుంది. చుట్టూ ఎడారి ఉన్నా అది ఉండేది చల్లని కొండ మీద.

పెంపకంలో దీనికి పెట్టె ఒక కొస 28 నుంచి 30 డిగ్రీలు, రెండో కొస 21 నుంచి 23 డిగ్రీలు ఉండాలి. రెండు కొసల్లోనూ దాక్కునే చోటు తప్పనిసరి, లేకపోతే భయం కొద్దీ వేడినే భరిస్తూ ఉండిపోతుంది. పెట్టె మొత్తం 32 డిగ్రీలు దాటి అలాగే నిలిస్తే ప్రాణానికే ముప్పు. కొత్తపేటలో మే నెల రాత్రులే 27, 28 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. అంటే ఇక్కడి రాత్రి చల్లదనం ఆ పాముకు వెచ్చని కొసతో దాదాపు సమానం. పుస్తకాలు హీటరు గురించి ఎక్కువగా చెప్పేది చలి దేశాల ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని. ఇక్కడి సమస్య చల్లబరచడం.

ఫ్యాను వేస్తే సరిపోతుందనే వాదన నిలవదు. చెమట పట్టని ఒంటిని ఫ్యాను గాలి గదిలోని వేడి కంటే కిందికి దించలేదు. తడి గోనె కప్పడం మరీ హానికరం. గోదావరి పాయల మధ్య ఉక్కలో తడి త్వరగా ఆరదు, చల్లదనమూ అంతగా రాదు. పెట్టెలో చెమ్మ నిలిచి పాము చర్మం మీద పొక్కులు లేస్తాయి. పాము చలాకీగానే తిరుగుతోంది కదా అనే సమర్థన ఇంకా దారుణం. ఆగకుండా తిరగడం, గాజుకు ముట్టె రాయడం, నీళ్ళ గిన్నెలోనే పడి ఉండడం తరచుగా వేడి తాళలేని గుర్తులు.

చలికాలం సంగతీ మరవకూడదు. సొంత కొండల్లో ఈ పాము నెలల తరబడి మేత మాని చల్లని పగుళ్ళలో ఒదిగి ఉంటుంది. పాము పిల్లలు కావాలనుకునే పెంపకందారులు రెండు మూడు నెలలు 10 నుంచి 13 డిగ్రీల్లో ఉంచుతారు. కొత్తపేట జనవరి రాత్రులు సాధారణంగా 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. అప్పుడు పాము తిండి మానేస్తే జబ్బని భయపడి వేడి పెంచడం దాని స్వభావానికి ఎదురెళ్ళడమే.

కనుక ఇక్కడ ఏసీ ఈ పాముకు విలాసం కాదు, ప్రాణావసరం. వెచ్చని కొసకు థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్, రెండు కొసల్లోనూ నేలకు ఆనించిన థర్మామీటర్లు, కరెంటు పోతే ఏసీని నడపగల జనరేటరు కూడా ఉండాలి. ఇన్ని సమకూర్చలేని ఇంట్లో ఈ పామును తెచ్చి పెట్టడం అన్యాయం.