తాళం ఎవరి చేతిలో?

మీరు ఒక ఊరికి ఉత్తరం రాశారనుకోండి. ఆ ఊరి చిరునామా ఉన్న ఉత్తరాలన్నిటినీ దారిలోనే ఆపేస్తున్నారు. అప్పుడేం చేస్తారు? ఆ ఉత్తరాన్ని మరో కవరులో పెట్టి, వేరే ఊళ్ళో ఉన్న స్నేహితుడికి పంపుతారు. అతడు పై కవరు చించి, లోపలిదాన్ని అసలు చిరునామాకు చేరవేస్తాడు. ఇంటర్నెట్‌లో ఇలా మన తరపున సమాచారాన్ని అందించే, తెచ్చి ఇచ్చే కంప్యూటరునే ప్రాక్సీ అంటారు.

2022 సెప్టెంబరులో ఇరాన్‌లో పోలీసులు నిర్బంధించిన మహసా అమీనీ అనే యువతి మరణించింది. నిరసనలు దేశమంతా పాకాయి. ప్రభుత్వం ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను ఆపించింది. అప్పుడు ఇతర దేశాలలోని వేలమంది, పైసా తీసుకోకుండా, తమ కంప్యూటర్లను ఇరాన్ ప్రజలకు దారులుగా ఇచ్చారు. ఇందుకు పనికివచ్చినవాటిలో టార్ ప్రాజెక్టువారి 'స్నోఫ్లేక్' ఒకటి. స్నోఫ్లేక్ అంటే మంచురేకు. బ్రౌజరుకు ఒక చిన్న జోడింపు చేరిస్తే చాలు, ఆ కంప్యూటరు కాసేపు ప్రాక్సీ అవుతుంది. బ్రౌజరు మూసేస్తే మంచురేకులాగే మాయమవుతుంది. వేల దారులు ఇలా పుడుతూ పోతూ ఉంటే కాపలాదారు ఎన్ని చిరునామాలని ఆపగలడు? పైగా ఆ రాకపోకలు వీడియో కాల్ లాగా కనిపిస్తాయి.

అలాగని కాపలాదారు చేతులు ముడుచుకొని కూర్చోడు. 2021 డిసెంబరులో రష్యాలో, రెండు కంప్యూటర్లు మొదట పలకరించుకునే తీరులోని చిన్న తేడాను పట్టుకొని స్నోఫ్లేక్‌ను ఆపారు. తయారుచేసినవారు ఆ తేడాను సరిచేశారు.

ప్రజల నోరు నొక్కడానికి కట్టిన గోడను దాటడం తప్పని నేననుకోను. అయితే సాయం చేసేవాడు మంచివాడైతే చాలదు. వాడు చదవాలనుకున్నా చదవలేని ఏర్పాటు ఉండాలి. స్నోఫ్లేక్‌లో అది ఉంది. దారి ఇచ్చినవాడికి మీ కంప్యూటరు చిరునామా తెలుస్తుంది గాని, లోపలి సంగతికి తాళం వేసి ఉంటుంది. అక్కడినుంచి అది టార్‌లోని మూడు కంప్యూటర్లను దాటుతుంది. మొదటిదానికి గమ్యం తెలియదు. చివరిదానికి పంపినవారెవరో తెలియదు.

'ఉచిత వెబ్ ప్రాక్సీ' అని ఊరించే పేజీల సంగతి వేరు. అక్కడ మీరు చిరునామా కొడతారు. ఆ పేజీ నడిపేవారి కంప్యూటరే దాన్ని తెరిచి మీకు చూపిస్తుంది. కొన్ని బ్రౌజర్లలో తాళం గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. కాని అది మీకూ వారికీ మధ్యనున్న తాళం మాత్రమే. ఉత్తరం వారి చేతిలో విప్పే ఉంటుంది.

మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు, బడి కంప్యూటరులో ఆపిన ఆటల పేజీని ఇలాంటిదానితో తెరిచి నాకే చూపించాడు. (బడిలో ఆటలు ఆపడమూ, దేశంలో వార్తలు ఆపడమూ ఒకటి కావని వాడికి చెప్పాననుకోండి.) వాడి తెలివికి ముచ్చటేసింది. "ఇందులో ఏయే పాస్‌వర్డులు కొట్టావురా?" అని అడిగాను. వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయి, రెండో చేతికి వచ్చాడు.