కాదన్నవారే కారణం చెప్పాలి

పేదలకు పెద్దాసుపత్రి వైద్యం అందించే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. దాన్ని తెచ్చిన వైఎస్ రాజశేఖరరెడ్డి అప్పటి పులివెందుల ఎమ్మెల్యే. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా పద్ధతి అదే: ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర రోగి వివరాలు నమోదు చేయాలి, ఖరీదైన చికిత్సకు పైనుంచి అనుమతి రావాలి. ఇలాంటి పథకాల్లో ఆ ‘పైన’ ఇప్పుడు యంత్రం కూడా కూర్చుంటోంది. ఆయుష్మాన్ భారత్‌లో దొంగ క్లెయిములు పట్టడానికి కృత్రిమ మేధ (ఏఐ) వాడుతున్నామని కేంద్రమే చెబుతోంది. వాడనివ్వండి. కానీ జమ్మలమడుగు రోగికి ‘కుదరదు’ అన్న జవాబొస్తే, ఎందుకు కుదరదో తెలుగులో రాసిన కాగితం చేతికి రావాలి. అది లేకుండా కడప వినియోగదారుల కమిషన్‌లో ఆమె దేన్ని సవాలు చేస్తుంది? కాదనడం సరైనదేనని నిరూపించే భారం కాదన్నవారి మీదే ఉండాలి.

ఇది ఊహల మీద భయం కాదు. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను నోటీసైనా ఇవ్వకుండా కంప్యూటర్ లెక్కలతో తీసేశారన్న పిటిషన్‌పై, ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. యంత్రం తప్పు చేస్తే అది ఒక్కరితో ఆగదు. పైగా ఎవరిని నిలదీయాలో తెలియదు. ఆసుపత్రులు చేసే మోసాలను మరెలా పట్టాలని అడగొచ్చు. మోసం నిజమే, పట్టాల్సిందే. అయితే అనుమానం ఆసుపత్రి బిల్లు మీదైతే డబ్బు ఆపండి, తర్వాత తేల్చుకోండి. మంచం మీదున్న మనిషి చికిత్స ఆపడమెందుకు? అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

కోర్టులో కూడా ఏఐ వద్దనడం లేదు. ఇంగ్లీషు కేస్ షీటును ప్రొద్దుటూరు కక్షిదారుకు తెలుగులో చెప్పిపెడితే అంతకన్నా ఏం కావాలి? (డాక్టరుగారి రాతను ముందు అది చదవగలగాలి, అది వేరే సంగతి.) తీర్పు దగ్గర మాత్రం గీత గీయాలి. విజయవాడలో ఒక కింది కోర్టు, ఏఐ పుట్టించిన లేని తీర్పులను ఉత్తర్వులో ఉదహరిస్తే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. కేరళ హైకోర్టు 2025 జూలైలోనే జిల్లా కోర్టుల్లో నిర్ణయాలకు ఏఐని వాడొద్దంది. ఆసుపత్రి సేవల తగాదాలను రుసుము లేకుండా వినే శాశ్వత లోక్ అదాలత్‌లకూ ఇదే నియమం పెట్టి, మొదటి వాయిదాలోనే కాదన్నవారిని తిరస్కరణ కారణం, దాన్ని ఆమోదించిన అధికారి పేరు దాఖలు చేయమనాలి.