మన అటక, వాళ్ల లాఫ్ట్

మొన్న ఒక సభ్యుడు ఇళ్ల అమ్మకం కాగితం ఒకటి తెచ్చి యూనియన్ ఆఫీసు బల్లమీద పెట్టాడు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. పాత మిల్లు వాతావరణమట, ఎత్తైన కప్పట, సున్నం పూయని ఇటుక గోడట, ఇనుప స్తంభాలట. దానిపేరు లాఫ్ట్ ఇల్లు. ధర కోట్లలో ఉంది. ఆ సభ్యుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, లాఫ్ట్ అంటే అటకే కదా? అటకకు ఇంత ధరేంది?"

ఆఫీసులో అందరం నవ్వాం. తర్వాత ఎవరికీ మాట రాలేదు. ఎందుకంటే అటక సంగతి మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పరేల్, లాల్‌బాగ్, వర్లీ చాళ్లలో పెరిగినవాళ్లకు చెప్పక్కరలేదు. బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. అందులోనే పొయ్యి, పడక, ట్రంకుపెట్టెలు, ఊరినుంచి వచ్చిన చుట్టం. కింద చోటు చాలక పైన చెక్కలు కొట్టి అటక వేసుకున్నాం. రాత్రి పాళీ చేసి వచ్చినవాడు పగలు ఆ అటకమీద పడుకునేవాడు. పగటి పాళీవాడు రాత్రి అదే చాపమీద ఒరిగేవాడు. కప్పు తలకు తగిలేది. ఆ అటకకు ఎవరూ ప్రకటన వేయలేదు.

వాళ్లు ఇప్పుడు గొప్పగా చూపించే ఎత్తైన కప్పు ఎందుకు వచ్చిందో కూడా మనకు తెలుసు. అది సోకు కోసం కట్టింది కాదు. వందల సాంచాల వేడి పైకి పోవడానికి కట్టింది. రంపం పళ్లలా ఉండే ఆ కప్పులో అద్దాలు ఉత్తరం వైపే ఎందుకున్నాయి? ఎండ సూటిగా పడకుండా రోజంతా ఒకేరకం వెలుగు రావాలి, తెగిన పోగు కంటికి కనబడాలి. గాలి ఆరితే నూలు తెగుతుందని షెడ్డులో తేమ పట్టించేవారు. ఆ ఉక్కలో చెమట ఓడుస్తూ నిలబడ్డది మనం. ఆ దూది దుమ్ము పీల్చి దగ్గుతో మంచం పట్టినవాళ్లు ప్రతి చాళ్‌లో ఉన్నారు. ఇటుక గోడ అందం ఇప్పుడు అమ్మకానికి వచ్చింది గానీ, ఆ గోడ మధ్య జరిగిన పని కాగితంలో ఎక్కడా లేదు.

ఈ లాఫ్ట్ ఇళ్ల మోజు న్యూయార్క్‌నుంచి వచ్చింది. అక్కడ లాఫ్ట్ అంటే మొదట ఇల్లు కాదు, పని చేసే అంతస్తు. బట్టలు కుట్టే కార్ఖానాలు, గోదాములు అలాంటి భవనాల్లో ఉండేవి. 1911 మార్చి 25న ట్రయాంగిల్ అనే బట్టల కార్ఖానాలో నిప్పంటుకుంది. అది పదంతస్తుల లాఫ్ట్ భవనం. తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది పొట్టకూటికి వేరే దేశాలనుంచి వచ్చిన ఆడపిల్లలు. అమెరికాలో కార్మిక రక్షణ చట్టాలు గట్టిపడింది ఆ చావుల తర్వాతే.

తర్వాత సోహో అనే పేటలో కార్ఖానాలు మూతపడ్డాయి. ఖాళీ అంతస్తుల్లోకి తక్కువ కిరాయికి చిత్రకారులు చేరారు. 1971లో నగరం వాళ్ల నివాసాన్ని చట్టబద్ధం చేసింది. ఆ వెనకే డబ్బున్నవాళ్లు వచ్చారు, ధరలు ఆకాశానికెక్కాయి. అయినా ఒక్క సంగతి గమనించాలి. లాఫ్టుల్లో ఉంటున్నవాళ్లను ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టకూడదని న్యూయార్క్ రాష్ట్రం 1982లో లాఫ్ట్ చట్టం తెచ్చింది.

1982! ఆ సంవత్సరం మనకు ఏమైందో మరిచిపోగలమా? జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. పగార్ పెంచమన్నారు, బద్లీలను పర్మనెంటు చేయమన్నారు. ఆ సమ్మెకు లాంఛనంగా ముగింపు ప్రకటన కూడా రాలేదు. వేలమంది మళ్లీ గేటు లోపలికి పోలేదు. మన తెలుగువాళ్లు ఎందరో కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ బస్సులెక్కి ఊళ్లకు తిరిగిపోయారు. అక్కడ వాళ్ల చట్టం వచ్చింది, ఇక్కడ మన భోంగా మూగబోయింది.

మిల్లులు పోయినా భూమి మిగిలింది. ముంబై నడిబొడ్డున సుమారు 600 ఎకరాలు. 1991లో నగర అభివృద్ధి నియమాల్లో 58వ నియమం వచ్చింది. మిల్లు భూమిని తిరగకడితే మూడో వంతు మైదానాలకు మునిసిపాలిటీకి, మూడో వంతు పేదల ఇళ్లకు మ్హాడాకు, మిగిలింది యజమానికి అన్నారు. 2001లో అందులో మార్పు చేశారు. పంపకం మొత్తం భూమికి కాదు, కట్టడం లేని ఖాళీ జాగాకే అన్నారు. మిల్లు అంటేనే షెడ్లు. ఖాళీ జాగా ఎంత ఉంటుంది? 2005లో హైకోర్టు నగరం పక్షాన తీర్పిచ్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి 2001 మార్పునే ఖాయం చేసింది. అంతకు ముందే, 2005లో, ఎన్‌టీసీ వారి ముంబై టెక్స్‌టైల్ మిల్లు 17 ఎకరాలు 702 కోట్లకు అమ్ముడుపోయింది. ఏడేళ్లకు అదే భూమి 2,700 కోట్లకు పైగా ధరకు మళ్లీ చేతులు మారింది. ఈ ఏడేళ్లలో ఆ భూమిమీద చెమటోడ్చింది ఎవరు?

ఇక మన వాటా చూద్దాం. ఇంటికోసం దరఖాస్తు పెట్టుకున్న కార్మికులు, వారసులు లక్షన్నరకు పైగా ఉన్నారు. 2012లో 6,925 ఇళ్లకు లాటరీ తీశారు. 2016లో రెండుసార్లు, 2020లో ఒకసారి తీశారు. అన్నీ కలిపితే 15,870. అంటే పదిమందిలో ఒకరికి. వాటిలో ఎక్కువ ఇళ్లు 225 చదరపు అడుగులవే. అదీ ఉచితం కాదు. మిగిలిన తొమ్మిదిమందికి బద్లాపూర్ దాటాక కర్జత్ లైనులో ఉన్న వాంగణి, షేలు చూపించారు. 2025 జూలైలో ముసలి కార్మికులు వానలో ఆజాద్ మైదానానికి వచ్చి మాకు ముంబైలోనే ఇల్లు కావాలన్నారు. అది గొంతెమ్మ కోరిక కాదు. వాళ్లు పనిచేసింది వాంగణిలో కాదు, పరేల్‌లో.

కొందరు మమ్మల్ని అడుగుతారు: మిల్లులు నష్టాల్లో పోయాయి, భూమి అమ్మితేనే కదా మీ బకాయిలు తీర్చారు, కొత్త ఆఫీసుల్లో వేలమందికి పని దొరికింది కదా అని. నిజమే, కాదనం. బకాయిలు కొంత వచ్చాయి. పాత గోడను కూల్చకుండా నిలబెట్టడం కూడా మంచిపనే. చిమ్నీలు కూలగొట్టడం కంటే అది నయం. కానీ ఆ కొత్త ఆఫీసుల్లో మన పిల్లలు ఏం చేస్తున్నారు? చాలామంది గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల ఊడ్చే పని, మోటార్ సైకిల్ మీద అన్నం పొట్లాల బట్వాడా. తాత సాంచా నడిపిన గోడల లోపలికి మనవడు సంచి చూపించి పోవాలి. జాగ్రత్తలు కూడా అంతంతే. 2017 డిసెంబరు 29న కమలా మిల్లు ఆవరణలోని హోటళ్లలో నిప్పంటుకుని 14 మంది చనిపోయారు. ట్రయాంగిల్ పాఠం నేర్చుకోవడానికి నూరేళ్లు చాలలేదన్నమాట.

న్యూయార్క్‌లో ఆ కాలిన భవనం నేటికీ ఉంది. 2023 అక్టోబరులో దానిమీద ఒక స్మారకం పెట్టారు. చనిపోయిన 146 మంది పేర్లూ చెక్కారు. నూటపన్నెండేళ్లు పట్టింది, అయినా పేర్లు ఎక్కాయి. మన దగ్గర మిల్లు పేరు మాల్‌కు పెట్టుకుంటారు, నేసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

మేము కోరేవి ఇవి. నిలబెట్టిన ప్రతి పాత మిల్లులో అక్కడ పనిచేసినవాళ్ల చరిత్ర చెప్పే ఒక గది ఉండాలి. మస్టర్ పుస్తకాలను తూకానికి అమ్మకుండా భద్రపరచాలి. మిగిలిన మిల్లు భూమిలో ముందుగా కార్మికుల ఇళ్లు కట్టాలి. వాంగణి వద్దన్నవాడి హక్కు పోకూడదు.

మన పని కూడా కొంత ఉంది. ఆఫీసుకు వచ్చే కేసుల్లో సగం పేరు తగాదాలే. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. మిల్లు గుమాస్తా పేరు, తండ్రి పేరు మరాఠీ పద్ధతిలో రాసుకున్నాడు. రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి. కార్మికుడు చనిపోయాక భార్య ఆ పేర్లు రెండూ ఒక్కరివేనని రుజువు చేయడానికి తిరుగుతోంది. అందుకే టికెట్ కార్డు, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ చీటీ, సర్వీసు సర్టిఫికెట్ ఏది దొరికినా పారేయకండి. ఊళ్లకు వెళ్లిపోయిన పాత కార్మికులకు కబురు పంపండి. లాటరీలో ఇల్లు ఇప్పిస్తానని డబ్బడిగే దళారికి రూపాయి ఇవ్వకండి.

ఆ కాగితాలు ఎక్కడున్నాయంటారా? సోదరులారా, ఈ రాత్రే వెదకండి. చాలా ఇళ్లలో అవి అటకమీద ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. మన అటకకున్న ధర అదే.