చౌక గదికి చోటేది?

తిరుమల కొండకు వెళ్లాలంటే ఒకప్పుడు బస్సు చార్జీ ఎంతవుతుందని లెక్క వేసుకునేవారు. ఇప్పుడు ముందుగా అడిగేది గది అద్దె. కోలారు, బళ్లారి, హోసూరు, బరంపురం, రాయగడ, చంద్రపూర్‌, యానాం... తెలుగువారు తరాల కిందట ఎక్కడ స్థిరపడినా ఇంటి మొక్కు తిరుమలలోనో, శ్రీశైలంలోనో, మంత్రాలయంలోనో ఉంటుంది. పెద్ద జబ్బు చేస్తే వేలూరుకో, బెంగళూరుకో, విశాఖకో పరుగు తీయక తప్పదు. ఒకటి మొక్కు, రెండోది ప్రాణం. రెంటినీ వాయిదా వేయలేరు. ఆ సంగతి తెలిసే కాబోలు, రద్దీ రోజుల్లో లాడ్జీలవాళ్లు నోటికి వచ్చిన రేటు చెబుతున్నారు. పిల్లాజెల్లాతో దిగిన కుటుంబం బేరమాడే స్థితిలో ఉండదు.

ప్రభుత్వాల తీరూ పేదవాడికి అనుకూలంగా లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులను పన్ను నుంచి మినహాయించారు. 2022 జులై 18 నుంచి ఆ మినహాయింపు ఎత్తేసి 12 శాతం వడ్డించారు. అంటే 900 రూపాయల గదికి 108 రూపాయలు అదనం. గగ్గోలు పుట్టాక, ఆలయ ప్రాంగణాల్లో ధార్మిక ట్రస్టులు నడిపే చౌక గదులకు ఇది వర్తించదని వివరణ ఇచ్చారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్నును 5 శాతానికి దించారు. దించడం మంచిదే. కానీ 2022కు ముందు అసలు లేని భారం అది. అయిదు వేల గదిలో దిగే ఆసామికీ, ఆరు వందల గదిలో సర్దుకునే కూలీకీ ఒకటే శాతం అంటే అది న్యాయమనిపించుకోదు.

తిరుమల సంగతి చూస్తే, 2023 జనవరిలో టీటీడీ కొన్ని విశ్రాంతి గృహాల అద్దెలను ఒక్కసారిగా పెంచింది. నారాయణగిరిలో 150 రూపాయల గది 1,700 అయింది. గదులను ఆధునికీకరించామని, సామాన్యులు దిగే 50, 100 రూపాయల గదుల జోలికి వెళ్లలేదని అధికారులు సమాధానమిచ్చారు. ఆ మాట నిజమే. అయితే చిక్కంతా ఆ గది దొరకడంలోనే ఉంది. కొండ మీద గదులు దాదాపు ఏడున్నర వేలు. రోజూ దర్శనానికి వచ్చేవారు 60 వేల నుంచి 80 వేల మంది. ఆన్‌లైన్‌లో మూడు నెలల ముందే బుక్‌ చేసుకోగలిగినవారికి సరే. మొక్కు తీర్చుకోవడానికి ఉన్నపళంగా బయల్దేరిన రాయగడ రైతుకు కౌంటరు ముందు క్యూ, కాదంటే కింద తిరుపతిలో ప్రైవేటు లాడ్జీ.

ఆసుపత్రుల దగ్గర పరిస్థితి మరీ దయనీయం. రోగికి ఆసుపత్రి మంచం ఇస్తుంది. వెంట వచ్చినవాళ్లకు ఎవరిస్తారు? పరీక్షలు, రిపోర్టులు, ఆపరేషను, మళ్లీ చూపించుకోవడం... వైద్యం ఒక్క రోజుతో తేలదు. గది రోజుకు ఆరు వందలే అనుకున్నా 20 రోజులకు 12 వేలు. కూలి చేసుకునే కుటుంబానికి అది ఒక నెల కష్టం. మందులకు దాచిన సొమ్ము అద్దెకు పోతుంటే వైద్యం మధ్యలో ఆపేసి ఇంటిదారి పట్టేవారూ ఉంటారు.

దారులు బొత్తిగా లేకపోలేదు. తిరుమలలో యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు తీసుకుని పైసా ఖర్చు లేకుండా పడుకోవచ్చు. 2025 సెప్టెంబరులో ప్రారంభమైన వెంకటాద్రి నిలయంలో నాలుగు వేల మందికి చోటుంది. తిరుపతి బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వే స్టేషన్‌ ఎదుట విష్ణు నివాసం ఉన్నాయి. కర్ణాటక ప్రభుత్వానికి తిరుమలలో సొంత సత్రం ఉంది, కర్ణాటక వాసులైన తెలుగువారూ అక్కడ గది అడగవచ్చు. రైలు టికెట్టు ఉన్నవారికి స్టేషన్లలో విశ్రాంతి గదులు, డార్మిటరీలు దొరుకుతాయి. బెంగళూరులో కిద్వాయ్‌, నిమ్హాన్స్‌ ఆసుపత్రుల వద్ద ఇన్ఫోసిస్‌ ఫౌండేషన్‌ ధర్మశాలలు కట్టించింది. ఇవన్నీ ఉన్నా, ఉన్నట్టు తెలిసేదెంతమందికి? బస్సు దిగగానే చుట్టుముట్టే దళారీ చెప్పిందే వేదం. తెలుగులో రాసిన ఒక బోర్డు ఉంటే సగం మోసం తగ్గుతుంది.

అన్నింటికన్నా పెద్ద ఆసరా పాతకాలపు సత్రాలే. బెంగళూరు రైల్వే స్టేషన్‌ ఎదుట గుబ్బి తోటదప్ప సత్రం 1903లో మొదలైంది. బాటసారికి ఓ రాత్రి నీడ కల్పిస్తే పుణ్యమని నమ్మిన వ్యాపారి పెట్టిన ధర్మం అది. అలాంటి దాతలు మన ఊళ్లలోనూ ఉండేవారు. వారు రాసిచ్చిన సత్రాలు కొన్ని చోట్ల కల్యాణ మండపాలయ్యాయి, కొన్నిచోట్ల షాపులయ్యాయి. శ్రీశైలం వంటి క్షేత్రాల్లో కుల సత్రాలకు కొదవ లేదు. కానీ ఆ కులంవారు కాకపోతేనో, సిఫారసు ఉత్తరం లేకపోతేనో లోపల గదులు ఖాళీగా ఉన్నా బయట అరుగే గతి.

లాడ్జీల యజమానులకూ బాధలున్నాయి. కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు ఏటా పెరుగుతున్నాయి. ధర్మానికి గదులివ్వమని వారిని అడగలేం. అద్దె ఎంతో గోడ మీద రాసిపెట్టమని, రాసినదానికి పైసా ఎక్కువ తీసుకోవద్దని మాత్రం అడగొచ్చు. ఆ పని స్థానిక అధికారులది.

మిగతా బాధ్యత సమాజానిది. తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలైంది. నేడు అక్కడ ఆకలితో తిరిగివచ్చే భక్తుడు లేడు. ధర్మస్థలలోనూ అన్నదానం నిరాటంకంగా సాగుతోంది. అన్నానికి విరాళమిచ్చే చేతులు బసకు మాత్రం ఎందుకు వెనకాడాలి? కుల సంఘాలు తమ సత్రాల్లో సాయంత్రానికి మిగిలిన గదులను కులం అడగకుండా ఇవ్వాలి. దేవాదాయ శాఖలు దారిమళ్లిన సత్రాల లెక్క తేల్చి, ఏ పనికి రాసిచ్చారో ఆ పనికే వాడేలా చూడాలి. పెద్దాసుపత్రులున్న ప్రతి ఊళ్లో రోగుల బంధువులకు ఓ షెడ్డు, మరుగుదొడ్డి, వంటకు చోటు కల్పించాలి. వెయ్యి లోపు గదులకు పాత పన్ను మినహాయింపు మళ్లీ ఇవ్వాలి. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ప్రభుత్వాలు పండగల రద్దీ ముంచుకురాకముందే ఈ పనులకు పూనుకోవాలి.