మైలేజ్ పడిపోయిందా? ఈ20ని తిట్టే ముందు టైర్లలో గాలి చూశారా?

కారు మైలేజ్ తగ్గిందంటే చాలు.. ఇప్పుడు అందరూ వేలెత్తి చూపించేది ఈ20 పెట్రోల్‌నే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ పెట్రోల్ 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చేసింది. 2030కి చేరాలనుకున్న లక్ష్యాన్ని కేంద్రం ఐదేళ్ల ముందే అందుకుంది. అప్పటి నుంచి సోషల్ మీడియాలో ఒకటే గోల. లీటరుకు 16 ఇచ్చే బండి 13 కూడా ఇవ్వడం లేదంటూ వీడియోల మీద వీడియోలు.

ఈ ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు శక్తి తక్కువ. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే ఈ సంగతి ఒప్పుకుంది. ఈ10 కోసం తయారై ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతా వాటిలో 3 నుంచి 6 శాతం వరకు మైలేజ్ తగ్గొచ్చని చెప్పింది. పాత మోడళ్లలో ఇది 6-7 శాతం దాకా ఉండొచ్చని 2021లోనే నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లో రాసింది. ఈ20తో పాటు పాత పెట్రోల్ కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. అంటే సామాన్య వాహనదారుడికి బంకు దగ్గర ఎంచుకునే ఛాన్స్ దాదాపు లేనట్టే.

కానీ ఒక లెక్క మాత్రం తేలడం లేదు. 16 ఇచ్చే కారుకు 6 శాతం తగ్గితే 15 రావాలి. 13 వస్తోందంటే మిగతా రెండు కిలోమీటర్లు ఎటు పోయినట్టు? ట్రాఫిక్, ఏసీ, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు.. కారణాలు చాలానే ఉంటాయి. వాటిలో రూపాయి ఖర్చు లేకుండా ఇంటి ముందే తేల్చుకోగలిగింది టైర్లలో గాలి.

ఇంతకీ గాలి తగ్గితే పెట్రోల్ ఎంత పోతుంది?

ఇక్కడ రెండు లెక్కలున్నాయి. రెండూ ప్రభుత్వ సంస్థలవే, కానీ రెండూ కలవవు. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజ్ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పీఎస్ఐ అంటే మన పంక్చర్ షాపుల్లో చెప్పే 'పాయింట్'. మన దగ్గర పెట్రోలియం శాఖ కింద పనిచేసే పీసీఆర్ఏ లెక్క వేరు. గాలి 25 శాతం తగ్గితే పెట్రోల్ 5 నుంచి 10 శాతం ఎక్కువ తాగుతుందని, టైర్ జీవితం కూడా 25 శాతం తగ్గుతుందని ఆ సంస్థ ఏళ్లుగా ప్రచారం చేస్తోంది.

దీన్ని రూపాయల్లోకి మార్చి చూద్దాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు, లీటరుకు 15 మైలేజ్ అనుకుందాం. 2024 మార్చిలో 2 రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో లీటర్ పెట్రోల్ 107 రూపాయల దగ్గర ఆగింది. ఆ రేటుతో నెల ఖర్చు 7,100 రూపాయల పైచిలుకు. 33 పాయింట్లు ఉండాల్సిన టైర్లలో 25 మాత్రమే ఉంటే, అమెరికా లెక్కన నెలకు పోయేది దాదాపు 115 రూపాయలు. పీసీఆర్ఏ లెక్కన అయితే 350 నుంచి 700 వరకు.

ఎవరి టెస్టులు వాళ్లవి, ఎవరి రోడ్లు వాళ్లవి. తక్కువ చెప్పే లెక్కను నమ్ముకోవడమే సేఫ్. వాట్సాప్‌లో తిరిగే 'గాలి నింపితే 30 శాతం మైలేజ్ పెరుగుతుంది' లాంటి మాటలకైతే ఈ రెండింట్లోనూ చోటు లేదు. ఈ20 వల్ల పోయిన మైలేజ్ మొత్తాన్ని టైర్ల మీదకు నెట్టేయడం కూడా కుదరదు.

అన్నట్టు, ఈ విషయం ఒకసారి అమెరికా ఎన్నికల ప్రచారానికే ఎక్కింది. 2008లో అందరూ టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకుంటే బోలెడు చమురు ఆదా అవుతుందని ఒబామా అన్నారు. ప్రత్యర్థులు గాలి చూసే గేజ్‌లు పంచుతూ ఇదేనా ఎనర్జీ పాలసీ అని ఎగతాళి చేశారు. లెక్క గురించి గొడవపడ్డారు గానీ, గాలి తగ్గితే ఇంధనం వృథా అవుతుందన్న మాటను మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

కారణం సింపుల్. గాలి తగ్గిన సైకిల్ తొక్కిన వాళ్లకి చెప్పక్కర్లేదు. టైరు నేల మీద ఎక్కువగా పరుచుకుంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ దాని పక్క గోడలు నొక్కుకుని మళ్లీ లేవాలి. ఆ పనికి ఇంజిన్ ఇచ్చిన శక్తి వేడిగా మారి పోతుంది. ఈ వేడి సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

బంకులో 33.. పొద్దున్నే 29!

చాలామంది గాలి కొట్టించుకునేది ఎప్పుడు? ఆఫీసుకు వెళ్తూనో, ఊరికి బయల్దేరి బంకులో ఆగినప్పుడో. అప్పటికే కారు పది పదిహేను కిలోమీటర్లు నడిచి ఉంటుంది. టైర్లు వేడెక్కి ఉంటాయి. లోపలి గాలి వేడి 5-6 డిగ్రీలు పెరిగితే ప్రెషర్ సుమారు ఒక పాయింట్ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మీటర్‌లో కరెక్ట్‌గా 33 చూపించిన టైరులో మర్నాడు తెల్లారి చూస్తే 29 ఉండొచ్చు. గాలి ఎక్కడికీ లీక్ కాలేదు. కొలిచిన టైమే తప్పు.

కంపెనీ చెప్పే నంబర్ చల్లటి టైరుకి. అంటే బండి ఆపి కనీసం మూడు గంటలు అవ్వాలి. ఆ నంబర్ డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపలి వైపు ఉంటుంది. టైర్ పక్కన అచ్చు వేసిన నంబర్ చూసి నింపించేవాళ్లూ ఉన్నారు. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ప్రెషర్, మీ కారుకు కావాల్సింది కాదు. ఇక బంకు కుర్రాడు 'ఎంత పెట్టమంటారు సార్' అంటే 'నువ్వే చూసి పెట్టు' అనడం మామూలే. హ్యాచ్‌బ్యాక్‌కీ ఎస్‌యూవీకీ ఒకే 35 పడిపోతుంది.

తప్పనిసరై వేడి మీద కొట్టించాల్సి వస్తే స్టిక్కర్ నంబర్ కంటే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ ఉంచి, మర్నాడు పొద్దున్న సరిచూసుకోవాలి. వేడి మీద ఎక్కువ చూపించిందని గాలి వదిలేయడం మాత్రం పెద్ద పొరపాటు.

ఎండాకాలం గాలి తగ్గించాలా?

'ఎండలు మండుతున్నాయి, రెండు మూడు పాయింట్లు తక్కువే పెట్టించు, లేకపోతే పేలిపోతుంది'.. తెలుగు రాష్ట్రాల్లో ఈ సలహా వినని కారు ఓనర్ ఉండడు. వినడానికి లాజిక్‌గానే ఉంటుంది. జరిగేది దానికి పూర్తిగా రివర్స్. ఎండ వల్ల పెరిగే నాలుగైదు పాయింట్లను తట్టుకునేలాగే మంచి టైరును తయారు చేస్తారు. గాలి తక్కువ ఉన్న టైరు మాత్రం ప్రతి చుట్టుకీ ఎక్కువ నలిగి, ఎక్కువ వేడెక్కుతుంది. పైన 43 డిగ్రీల ఎండ, కింద కాలిన రోడ్డు, లోపల నలిగే రబ్బరు. దానికి స్పీడ్ తోడైతే టైరు పొరలు విడిపోతాయి. పేలేది అప్పుడే.

158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో స్పీడ్ లిమిట్‌ను 2023లో 100 నుంచి 120కి పెంచారు. ఆ స్పీడ్‌లో ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉంటుందన్న గ్యారంటీ లేదు. నాగ్‌పూర్-ముంబై సమృద్ధి మహామార్గ్ మీద ఇలాంటి ప్రమాదాలు పెరగడంతో మహారాష్ట్ర రవాణా శాఖ ఎంట్రీ పాయింట్ల దగ్గరే టైర్లు చెక్ చేసి, అరిగిపోయిన టైర్లున్న వాహనాలను వెనక్కి పంపింది. మన దగ్గర ఎక్స్‌ప్రెస్‌వేలు ఎక్కే ముందు ఫాస్టాగ్ బ్యాలెన్స్ చూసుకున్నంత శ్రద్ధగా టైర్లు చూసుకునేవాళ్లు తక్కువే. నెలకు 115 రూపాయల పెట్రోల్ కంటే ఇదే పెద్ద లెక్క.

సంక్రాంతికి ఇంకో చిక్కు ఉంది. చలికాలం తెల్లవారుజామున ప్రెషర్ దానంతటదే పడిపోతుంది. అదే టైంలో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాన్లతో విజయవాడ హైవే ఎక్కుతారు. డోర్ స్టిక్కర్ మీద చాలాసార్లు రెండు నంబర్లు ఉంటాయి, రెండోది ఫుల్ లోడ్‌కి. పండగ ప్రయాణానికి చూడాల్సింది అదే.

అలాగని మైలేజ్ కోసం 40 దాకా కొట్టించేయడం కూడా తెలివైన పని కాదు. టైరు మధ్యలోనే అరుగుతుంది, వాన పడితే బ్రేక్ సరిగ్గా పట్టదు. మిగిలిన పెట్రోల్ డబ్బు కొత్త టైర్లకే సరిపోదు.

డ్యాష్‌బోర్డ్‌లో లైట్ ఉంది కదా అంటారా? అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నింటికీ టీపీఎంఎస్ తప్పనిసరి. అక్కడి రూల్ ప్రకారం కూడా గాలి 25 శాతం పడిపోతేనే లైట్ వెలగాలి. అంటే 33 పాయింట్ల కారులో 25కి వచ్చేదాకా ఏ హెచ్చరికా రాకపోవచ్చు. మన దగ్గర చాలా మోడళ్లలో ఈ ఫీచర్ పై వేరియంట్లకే వస్తోంది. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కుని, నెలకు రెండుసార్లు పొద్దున్నే చూసుకోవడం దీనికంటే నమ్మకం. ఏ పంక్చర్ లేకపోయినా టైరులో నెలకు ఒక పాయింట్ దాకా తగ్గడం మామూలే.

గాలికి డబ్బులివ్వాలా అంటే.. అక్కర్లేదు. ఆయిల్ కంపెనీల మార్కెటింగ్ గైడ్‌లైన్స్ ప్రకారం బంకుల్లో ఉచిత గాలి తప్పనిసరి సదుపాయం. తాగునీరు, టాయిలెట్ కూడా అంతే. 'కంప్రెసర్ పనిచేయట్లేదు' అన్న బోర్డు నెలల తరబడి వేలాడుతుంటే బంకులోనే కంప్లైంట్ బుక్ అడిగి రాయొచ్చు. అడిగేవాళ్లు లేకే చాలాచోట్ల ఆ బోర్డు అలాగే ఉంటోంది.

నైట్రోజన్‌కి డబ్బులు పెట్టడం మాత్రం ఎవరిష్టం వాళ్లది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 30 పాయింట్లు నింపిన టైర్లను ఏడాది పాటు పక్కన పెట్టి చూసింది. మామూలు గాలి 3.5 పాయింట్లు తగ్గితే నైట్రోజన్ 2.2 తగ్గింది. తేడా 1.3 పాయింట్లు. ఎప్పటికప్పుడు చెక్ చేసుకునేవాళ్లకి దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

నాలుగు టైర్లూ చూసుకున్నాక మర్చిపోయేది ఐదోదే.. స్టెప్నీ. టీపీఎంఎస్, రిపేర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ లేకున్నా పర్లేదని 2020లో కేంద్రం రూల్ మార్చింది గానీ, రోడ్ల మీద ఉన్న చాలా కార్లలో అది ఇంకా డిక్కీలోనే ఉంది. కొన్నప్పటి నుంచి దాని వాల్వ్ మూత తీయని వాళ్లే ఎక్కువ. సూర్యాపేట దాటాక అర్ధరాత్రి పంక్చర్ అయితే బయటకు తీసే టైరు అదే. అందులో ఎన్ని పాయింట్లు ఉన్నాయో చూడటానికి రెండు నిమిషాలు చాలు.