గరిటె పట్టిన చేయి కార్మికుని చేయి కాదా?



వంటచేయుచు వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో ఉంచువారి ప్రస్తావన ఇటీవల ఖరగపురం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా సమావేశమున వచ్చినది. “అది కాలక్షేపమే గాని కష్టము కాదు; సంఘమునకు దానితో పనియేమి?” అని కొందరు మిత్రులనిరి. ఈ అభిప్రాయము తప్పు. తప్పు మాత్రమే గాదు, కార్మికోద్యమమునకు హానికరము కూడను.

కర్రె మస్తానమ్మగారి జీవితమును చూడుడు. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామవాసి. పదకొండవ యేట వివాహము, ఇరువదిరెండవ యేట వైధవ్యము. ఐదుగురు బిడ్డలలో నలుగురిని పోగొట్టుకొని, పొలములలో కూలిపని చేసి బ్రతికినది. 2016లో, నూరేండ్లు దాటిన వయస్సున, ఆమె మునిమనుమడు తన మిత్రునితో కలసి ఆమె వంటను చిత్రించి ‘కంట్రీ ఫుడ్స్’ పేర యూట్యూబ్‌లో ఉంచెను. ఆరుబయట కట్టెలపొయ్యి, పుచ్చకాయ డొప్పలో కోడికూర! 2018 డిసెంబరులో ఆమె మరణించునాటికి చందాదారులు పది లక్షలు మించిరి.

పత్రికలు దీనిని అద్భుతమని వ్రాసెను. మేము వేరొక ప్రశ్న వేయుచున్నాము. నూరేండ్లకు కలిసివచ్చినదని చప్పట్లు కొట్టు సమాజము, ఆ నూరేండ్ల కూలి లెక్క ఏమైనదని అడుగదేమి? ఆ చాకిరికి భవిష్యనిధి ఎవరు కట్టిరి?

ఇక ఈ వృత్తిలోని షరతులను చూతము. పూర్తి నిడివి వీడియోలపై వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి 55 పాళ్ళు తయారుచేసినవానివి, 45 పాళ్ళు కంపెనీవి. సరకులు, వంటచెరకు, కెమెరా, శ్రమ, నష్టము మాత్రము తయారుచేసినవానివే. 1,000 మంది చందాదారులును, పన్నెండు నెలలలో 4,000 గంటల వీక్షణమును లేనివారికి ఆ రాబడిలో వాటా లేదని 2018 జనవరిలో కంపెనీ ప్రకటించి, మరుసటి నెలనుండియే అమలు జరిపెను. ఏ సంఘముతోను సంప్రదింపు లేదు. రైల్వేలోగాని తపాలా శాఖలోగాని ఇట్లు జరిగినచో మనము గేటు సభ పెట్టక ఊరకుందుమా?

“ఇష్టము లేనిచో మానుకొనవచ్చును గదా” అందురు. ఈ సమాధానము మనకు క్రొత్తది కాదు. 1927లో ఈ ఖరగపురముననే సమ్మె చేసిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు దీనిని ఒప్పుకొనియుండినచో, నేడు మనకు మిగిలియుండునదేమి?

మన తప్పును కూడ ఒప్పుకొందము. తెల్లవారుజామున లేచి మొదటి షిఫ్టునకు క్యారేజీ కట్టు ఇల్లాలి పని మనకు పనిగా తోచుట లేదు. అందుచేతనే మస్తానమ్మ పనియు మనకు పనిగా తోచలేదు.

దారి లేకపోలేదు. జర్మనీలో వీడియో తయారీదారులు 2018లో సంఘము స్థాపించుకొనిరి. 2019లో ఐ.జి. మెటాల్ అను లోహకార్మిక సంఘము వారితో చేయి కలిపినది. కొలిమి వద్ద పనిచేయువారికి లేని అభ్యంతరము మనకేల? మనదేశమున 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. లేబర్ కోడ్‌లపై మన వ్యతిరేకత అట్లే యున్నది. అయినను, ఆ కోడ్ ఏడవ షెడ్యూలులో కంటెంట్, మీడియా సేవల సంస్థలును చేర్చబడినవి. అట్టి సంస్థలు తమ టర్నోవరులో నూటికి ఒకటి నుండి రెండు పాళ్ళు కార్మికుల భద్రతకై చెల్లింపవలెనని కోడ్ చెప్పుచున్నది. వంట వీడియోల తయారీదారులకును ఇది వర్తింపవలెనని కోరుట న్యాయము.

ఒక్క మస్తానమ్మను చూపి, “వీడియోలు తీసుకొని బ్రతుకుడు” అని నిరుద్యోగ యువకులకు చెప్పుట ఉద్యోగకల్పన కాదు, లాటరీ. మన బిడ్డలకు కావలసినది లాటరీ కాదు. ఖాళీలు నింపుడు! గరిటె పట్టినవానికిని, సుత్తి పట్టినవానికిని, ఉత్తరముల సంచి మోయువానికిని వృద్ధాప్యమున భద్రత కల్పింపుడు! ఈ కోర్కెలను ప్రతి బ్రాంచి తన తదుపరి సమావేశమున తీర్మానించి పంపవలెనని కోరుచున్నాము.