తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, యూట్యూబ్ అనుకుంటున్నారు మన తమ్ముళ్లు, చెల్లెళ్లు. వారి తప్పేం లేదు, ఫోన్ తెరిస్తే కనిపించేవి అవే. వీటిలో మొదటి మూడూ మెటా కంపెనీవి, నాలుగోది గూగుల్‌ది.

మొదట్లో ఇలా లేదు. వెబ్‌ను రుసుము లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని సెర్న్ పరిశోధన సంస్థ 1993లో ప్రకటించింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది. ఎవరి సైటు వారిది, ఎవరి మాట వారిది.

అలాగని అవి బంగారు రోజులని నేననను. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టాలి. కాస్మెటిక్ చార్జీలు సబ్బుకూ నూనెకే చాలని హాస్టల్ విద్యార్థికి అది అందని పండే. తెలుగు సైట్లకు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు, అది లేకపోతే తెరమీద పిచ్చి గీతలు. నేడు తండాలోని పిల్లవాడు కూడా ఫోన్‌లో తెలుగు రాస్తున్నాడు. ఇది చిన్న మార్పు కాదు.

కానీ తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఎందరో స్నేహాలు కలుపుకున్న ఆర్కుట్‌ను గూగుల్ 2014లో మూసేసింది. సొంత పేజీలకు ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009లోనే మూసింది. 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక మాత్రం సొంత చిరునామాలో నేటికీ నిలిచి ఉంది. పాత సంచికలూ చదువుకోవచ్చు.

ఇంకో సంగతి. మన పోస్టు ఎవరికి కనబడాలో తేల్చేది కంపెనీ ప్రోగ్రామే. ప్రకటనలే దాని ఆదాయం గనుక మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టేదే ముందుకొస్తుంది. హాస్టల్లో పప్పు నీళ్లయితే వార్డెన్‌ను నిలదీయవచ్చు. ఇక్కడ ఎవరిని అడుగుతాం?

వాట్సాప్ గ్రూపు మానేయమనడం లేదు, పలకరింపులకు అది చాలు. కానీ పాత ఫొటోలు, స్కాలర్‌షిప్పుల వివరాలు, ఉద్యోగాలు సాధించిన అన్నలూ అక్కలూ చెప్పిన మెలకువలు రెండు రోజుల్లో గుడ్ మార్నింగుల కింద పడిపోతున్నాయి. పాత విద్యార్థులు తలా కొంత వేసుకుంటే హాస్టల్ పేరుతో చిన్న వెబ్‌సైటు నడపవచ్చు. దాని నకలు ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి, ముఖ్యమైనవి ఈ సంచికలా అచ్చులోనూ ఉండాలి.

ట్రంకు పెట్టెకు తాళం వేసుకోవడం హాస్టల్లో మొదటిరోజే నేర్చుకున్నాం. మన జ్ఞాపకాలకూ ఆ జాగ్రత్త కావాలి. మన చరిత్ర మనం దాచుకోకపోతే మనకోసం ఎవరూ దాచిపెట్టరు.